నిమిషానికి ఆరు

ఒకటి అని ఆగాను. స్టాప్‌వాచ్ ముల్లు ఐదు దాటింది, ఏడు దాటింది, తొమ్మిది, రా తల్లీ రా, పదకొండు, అప్పుడొచ్చింది రెండో ఊపిరి, గొంతులో ఇసుక పోసి రాచినట్టు గరగరమని, నా ఒళ్ళో ఉన్న తల కొద్దిగా లేచి మళ్ళీ పడింది. ఇది మా స్కూలు వ్యాను. వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టింది నా ఆరో తరగతి పిల్ల తల్లిని. ఆ పిల్ల కింద చతికిలబడి అమ్మ పాదాలు రెండూ పట్టుకుని ఉంది, ఎక్కడికైనా లేచి వెళ్ళిపోతుందేమో అన్నట్టు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పడుతుందన్నారు, అందుకని వ్యానెక్కించాం. పెద్దాసుపత్రి పద్దెనిమిది కిలోమీటర్లు. తొందరగా పోనీవయ్యా అంటే డ్రైవరు అద్దంలోంచి నా మొహం చూసి, "నలభై దాటదు మేడం, పిల్లల బండి కదా, ఇంజనుకే లాకు బిగించేశారు" అన్నాడు. గంటకు నలభై. పద్దెనిమిది కిలోమీటర్లకి ఇరవై ఏడు నిమిషాలు. నిమిషానికి ఆరు చొప్పున నూట అరవై రెండు ఊపిర్లు. ఈ లెక్క ఎవరూ అడగలేదు, నేనే వేశాను. నా బుర్ర అలాంటిది, కొంప అంటుకుంటే మంట ఎన్ని మీటర్ల ఎత్తు లేచిందో చూస్తుంది. మూడు.

పిల్లలు నాకు పెట్టిన పేరు మిల్లీమీటరు. ఎదురుగా అనరు, గోడ మీద రాస్తారు. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అర మార్కు కోస్తానని, స్కేలు అంచు అరిగిపోతే ఒకటో గీత నుంచి కొలిచి చివర్లో ఒకటి తీసేయాలని నెత్తీ నోరూ కొట్టుకుంటానని. నిన్న చెప్పిన పాఠం కూడా అదే, కొలతలు. నీ జాన నీదే, నా జాన నాదే, నీ జానతో నేను గుడ్డ కొంటే ఒకరికి నష్టం, అందుకే లోకమంతటికీ ఒకే స్కేలు. ఇంటిపని ఇచ్చాను. మూడు వరసల పట్టిక, నాన్న, అమ్మ, ఇంకెవరైనా. ఒక్కొక్కరి జాన ఎన్ని సెంటీమీటర్లు, నిద్రపోతున్న మనిషి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తాడు. మంచి ఇంటిపని అని నాకు నేనే మెచ్చుకున్నాను. ఈ పొద్దున మొదటి పీరియడ్‌లో పుస్తకాలు దిద్దుతుంటే ఈ పిల్ల పుస్తకం వచ్చింది. నాన్న జాన, పద్నాలుగు. అమ్మ ఊపిర్లు, ఆరు. ఎర్ర పెన్నుతో రెండింటి మీదా ఇంటూ కొట్టి పిల్లను లేపి నిలబెట్టాను. "మగాడి జాన పద్నాలుగు సెంటీమీటర్లేంటే, మీ నాన్న మనిషా, బొమ్మా? నిమిషానికి ఆరు ఊపిర్లా? మీ అమ్మ తాబేలా?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది ఇప్పుడు గుర్తొస్తే నా నాలుకను పళ్ళ మధ్య పెట్టి కొరికేసుకోవాలని ఉంది, కొరుకుతున్నాను, ఉప్పగా తగిలింది. కొలవకుండా గాల్లో అంకెలు రాశావు కదూ అన్నాను. కొలిచాను మేడం అంది. మళ్ళీ అబద్ధం అని చెంప మీద ఒక్కటి ఇచ్చాను. ఛెళ్ళుమంది. నవ్వు ఆగిపోయింది.

నాలుగు. నిమిషం అయిపోవచ్చింది, ఇంకో రెండు రావాలి, ఐదు, ముల్లు యాభై ఎనిమిది, ఆరు. సరే. ఆరే. బొత్తాం నొక్కి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ చెంపదెబ్బ తర్వాత అరగంట పాఠం చెప్పాను నేను, అరగంట, నూట ఎనభై ఊపిర్లు, గీత మీద కన్ను నిటారుగా పెట్టి చూడాలి, పక్కనుంచి చూస్తే తప్పు వస్తుంది అని బోర్డు మీద కన్ను బొమ్మ కూడా వేశాను. బెల్లు కొట్టబోతుంటే ఏదో పురుగు తొలిచినట్టయింది. ఆ పిల్ల ఎప్పుడూ తప్పు కొలవదు, టైలరు కూతురు, టేపు పట్టుకునే పుట్టింది. దగ్గరకు పిలిచి ఎలా కొలిచావో చూపించమన్నాను. జేబులోంచి వాళ్ళ నాన్న టేపు తీసింది, ఒక వైపు అంగుళాలు, ఒక వైపు సెంటీమీటర్లు. తీసి తన మెడకే చుట్టుకుంది, కుడి చెవి కింద నుంచి గొంతు మీదుగా ఎడమ వైపుకి. "నాన్న చేయి అడిగితే ఇవ్వడు మేడం, తిడతాడు. అందుకని అమ్మ మెడ మీద కొలిచాను. బొటనవేలి గుర్తు ఇక్కడుంది, చిటికెనవేలి గుర్తు ఇక్కడ. అమ్మ పడుకునుంది కదా, కదల్లేదు. సెంటీమీటర్ల వైపే పెట్టాను మేడం, అంగుళాల వైపు కాదు." చివరి మాట గట్టిగా అంది, తన పని తాను సరిగ్గా చేశానని. చెంప మీద నా నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలి ఉన్నాయి. "అమ్మ లేచిందా?" అన్నాను. "లేపొద్దు, బడికి పో అన్నాడు నాన్న." స్టాప్‌వాచ్ నా మెడలోనే వేలాడుతోంది. అలాగే పరుగెత్తాను, డ్రైవర్ని కేకేసి, చెప్పు ఒకటి ఎక్కడ ఊడిందో తెలియలేదు.

వాళ్ళ ఇల్లు బడి వెనక రెండో వీధి. తలుపు దగ్గరికి వేసి ఉంది, గొళ్ళెం కూడా పెట్టలేదు. గది నిండా కత్తిరించిన చొక్కా చేతులు, తెల్లవి, కుప్పలు కుప్పలుగా, చేతులే తప్ప చొక్కాలు లేవు. వాటి మధ్య ఈమె వెల్లకిలా. తల కింద దిండు పెట్టాడు. అది చూశాక నా ఒళ్ళు భగ్గుమంది. పీక నొక్కి, తల తీసుకెళ్ళి తలుపు దర్వాజాకేసి కొట్టి, తర్వాత దిండు పెట్టాడు, మెడ దాకా దుప్పటి కప్పాడు, తల దువ్వుకుని కొట్టు తీయడానికి వెళ్ళాడు. దర్వాజా చెక్క మీద, నేల నుంచి మీటరున్నర ఎత్తులో, వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మీటరున్నర. చూడగానే అంకె వచ్చేసింది, ఆపుకోలేను, చిన్నప్పటి నుంచీ అంతే. మా నాన్న మా అమ్మను కొట్టేటప్పుడు నేను మంచం కింద దూరి లెక్కపెట్టేదాన్ని. పదకొండు, పదిహేడు, ఒకసారి ఇరవై మూడు. అంకె మీద ధ్యాస పెడితే చప్పుడు కొంచెం దూరం జరుగుతుంది. బెల్టు చప్పుడు ఒక రకం, చేత్తో కొడితే ఒక రకం, తలను గోడకేసి కొడితే అది అసలు చప్పుడే కాదు, ఇంట్లో గిన్నెలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి. తర్వాత మా అమ్మ లేచి మొహం కడుక్కుని వచ్చి, మంచం కింద నుంచి నన్ను కాలు పట్టుకుని లాగి, ఎక్కడ చచ్చావే అని రెండు వాయించేది. ఆమెకు అందేది నేనే కదా. నాకు అందేది ఎవరు?

ఐదు. ఈ నిమిషంలో ఐదే. లేదు, నేనే ఒకటి మర్చిపోయి ఉంటాను, మా నాన్న గొడవలో పడి మర్చిపోయి ఉంటాను. ఆమె పెదవుల చుట్టూ నీలం రంగు దిగుతోంది, మెడ మీద మరకలు నల్లగా ఉబ్బాయి. "ఎందుకే, ఏం జరిగింది తెల్లారి?" అని పిల్లను అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది. "చొక్కాల చేతులు పొట్టిగా కోసేసింది మేడం అమ్మ, మీ జాబితా చూసి." నా జాబితా. ఈ ఏడాది యూనిఫారాల కొలతలు పిల్లలే ఒకరికొకరు తీసుకోవాలి, సెంటీమీటర్లలో, బతుకుపాఠం అవుతుంది అని హెడ్మాస్టారి దగ్గర గొప్పలు పోయి నేనే రాయించిన జాబితా. టైలరుకి అంగుళాలు తప్ప రావు. భార్యకి చదువొచ్చు కనుక మార్చే పని ఆమెది. జాబితా కింద నా దస్తూరీతో, రెండున్నరతో భాగిస్తే అంగుళాలు వస్తాయి అని రాశాను. "రెండున్నరతో భాగించడం అమ్మకి రాలేదు మేడం. నన్నడిగింది. నాకూ రాలేదు. మూడుతో భాగించేద్దాం, దగ్గర దగ్గరే కదా అంది." నలభై అయిదుని మూడుతో భాగిస్తే పదిహేను. రావాల్సింది పద్దెనిమిది. మూడు అంగుళాలు పొట్టి, నలభై చొక్కాలకి. పోయినవారం ఈ పిల్ల చెయ్యెత్తి, మేడం రెండున్నరతో ఎలా భాగించాలి అని అడిగింది. అది వచ్చే నెల పాఠం, కూర్చో అన్నాను. కూర్చుంది. ఎంత బుద్ధిగా కూర్చుందో నాకిప్పుడు కనిపిస్తోంది. కానీ జాబితా పీక నొక్కలేదు. మూడుతో భాగించడం పీక నొక్కలేదు. చేయి నొక్కింది, అయిదు వేళ్ళున్న చేయి, అది వాడిది. ఈ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

వాడు ఎలాంటివాడని ఎవర్నడిగినా, నోట్లో వేలు పెట్టినా కొరకలేడు అంటారు. నేనూ అన్నాను. ప్రతి ఏడూ బడికి వచ్చేవాడు, చెవి మీద పెన్సిలు, మెడలో టేపు, ఆడపిల్లలకి దూరంగా నిలబడి కొలిచేవాడు. "ఊపిరి బిగబట్టకమ్మా, మామూలుగా వదులు" అనేవాడు ఒక్కొక్కరితో. కాలరు కొలిచేటప్పుడు టేపుకీ మెడకీ మధ్య తన వేలొకటి పెట్టుకునేవాడు. అదెందుకయ్యా అని అడిగితే, "ఒక వేలు వదులుండాలి మేడం, లేకపోతే పిల్లలకి ఊపిరాడదు" అన్నాడు. తెలుసు వాడికి. మెడ అంటే ఏమిటో, ఎంత బిగిస్తే ఎంత ఆగుతుందో ఈ ఊళ్ళో వాడికి తెలిసినంత నాకు కూడా తెలియదు. వ్యాను మెయిన్ రోడ్డు ఎక్కింది. ఎడమ పక్కన వాడి కొట్టు, ముందే తెలుసు, అయినా తల తిప్పి చూశాను. మిషను ముందు కూర్చుని ఉన్నాడు, పెదాల మధ్య గుండుసూదులు. స్కూలు వ్యాను చూసి రోజూలాగే చెయ్యెత్తాడు. డ్రైవరు చెయ్యి అలవాటు కొద్దీ హారను మీదికి పోయింది, పాం అంది. తర్వాత డ్రైవరు వాడి తల్లిని కలిపి ఒక బూతు తిట్టి స్టీరింగు మీద గుద్దాడు. నేను తిట్టలేదు. నేను వ్యాను దిగాను, మనసులో, ఆ సూదులన్నీ అరచేత్తో వాడి నోట్లోకి కొట్టాను, ఒక్కొక్కటీ చిగుళ్ళలోంచి దిగేదాకా, ఆ చేతిని మిషను కింద పెట్టి తొక్కాను, కుట్టు మీద కుట్టు, మిల్లీమీటరుకి ఒక కుట్టు, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, వాడి టేపు వాడి మెడకే చుట్టాను, నా వేలు ఒక్కటి కూడా మధ్యలో పెట్టలేదు. ఎంత హాయిగా ఉందో. ఎంత సులువుగా వచ్చేసిందో చేతుల్లోకి. కింద చూసుకుంటే నా కుడి చేయి ఆమె భుజాన్ని పట్టి నలిపేస్తోంది. గబుక్కున తీసేశాను. నాలుగు వేళ్ళ గుర్తు తెల్లగా పడి, మెల్లగా ఎర్రబడింది.

నీకు మీ నాన్న చేయే వచ్చిందే అనేది మా నాయనమ్మ, నా వేళ్ళు విడదీసి చూసుకుని మురిసిపోతూ. పొడుగు వేళ్ళు, వెడల్పు అరచెయ్యి, పని చేతులు. మా నాన్న పోయినప్పుడు ఆ చేయి పక్కన నా చేయి పెట్టి చూశాను, ఎవరూ లేనప్పుడు. రెండూ ఒకటే. ఏడవలేదు, చేయి వెనక్కి తీసుకుని చీర కొంగుకి తుడుచుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు, మిల్లీమీటరు కొడితే లెక్కలు వస్తాయి అని తల్లిదండ్రులే పిల్లల్ని అప్పజెప్తారు. ఈమె కూడా అంది, ఈ తల్లే, జూన్‌లో పిల్లను చేర్పించడానికి వచ్చి, తప్పు చేస్తే రెండు తగిలించండి మేడం, మీ బిడ్డే అనుకోండి అంది. మెడకి అప్పుడూ స్కార్ఫు చుట్టుకునే ఉంది. ఎండాకాలంలో స్కార్ఫు ఏంటమ్మా అని నేను అడగలేదు. పక్కనుంచి చూశాను.

"మేడం," అంది పిల్ల, "వాచీ నాకివ్వండి. మీరు ముల్లు చూడట్లేదు, తప్పు వస్తుంది." ఇచ్చాను. ఆ పిల్ల అమ్మ పాదాలు వదిలి, మోకాళ్ళ మీద లేచి, తలవంచి గుండె దగ్గర చెవి పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ. ముల్లు మీద కన్ను నిటారుగా పెట్టింది. నేను నేర్పినట్టే. నిమిషం అయ్యాక తలెత్తింది. "నాలుగు." ఇంకా ఆరు కిలోమీటర్లు. నలభైకి తొమ్మిది నిమిషాలు, నాలుగు చొప్పున ముప్పై ఆరు, అదీ నాలుగు నాలుగుగానే ఉంటే. "ఇది నిద్ర కాదు కదా మేడం?" అంది. "నేను పొద్దున లేపి ఉంటే లేచేదా?" కాదమ్మా అన్నాను, లేచేది కాదు, నీ తప్పేం లేదు, నువ్వొక్కదానివే సరిగ్గా చూశావు. అది ఎంత నిజమో నాకే తెలియదు. అయినా చెప్పాను. డ్రైవరు ఎదురుగా వచ్చే లారీలకి లైట్లు కొడుతూ, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అందర్నీ తప్పుకోమని అరుస్తూ, ఆ నలభైలోనే ఎక్కడా ఆగకుండా తోలాడు.

ఆసుపత్రిలో ఇద్దరు వచ్చి ఆమెను బండి మీద వేసుకుని పరుగెత్తారు. ఎప్పటినుంచి ఇలా ఉంది అని డాక్టరు అరిచాడు. పిల్ల తనతో తెచ్చుకున్న లెక్కల పుస్తకం చాచింది. "పొద్దున ఎనిమిదింటికి ఆరు. ఇప్పుడు నాలుగు." డాక్టరు పేజీ చూశాడు, అంకె చూశాడు, దాని మీద నా ఎర్ర ఇంటూ చూశాడు. "ఎవరు కొట్టేశారిది?" అన్నాడు, జవాబు కోసం ఆగకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. తలుపుకి ఉన్న అద్దంలోంచి కనిపిస్తోంది. ఆమె నోటికి గొట్టం పెట్టారు, ఎవరో నర్సు రబ్బరు సంచీని గుప్పిట్లో నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. ఛాతీ లేస్తోంది, అది ఆమె లేపుతున్నది కాదు. పన్నెండు, అంది పక్కన పిల్ల, ఇప్పుడు పన్నెండు మేడం. ఒక పెద్ద నర్సు బయటికి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ స్కేలు, కాగితాలు. పోలీసులకి ఫోను వెళ్ళిందంది. మెడ మీద గుర్తులు కొలిచి రాసుకొచ్చింది. బొటనవేలి నుంచి చిటికెనవేలికి పద్నాలుగు. సరిగ్గా పద్నాలుగు. "బతుకుతుందా?" అన్నాను. "ఇప్పుడే చెప్పలేం, మీరు ఇంకో పావుగంట ఆలస్యం చేసి ఉంటే మాత్రం చెప్పేవాళ్ళం" అంది. అరగంట ఆలస్యం చేశాను నేను, అది ఆమెకి తెలియదు. అప్పుడు పిల్ల చెంప మీద ఆమె చూపు పడింది. గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. "నిన్ను కూడా కొట్టాడా తల్లీ?"

పిల్ల నా వైపు చూసింది. ఒక్క క్షణం. "ఆ," అంది, "నాన్నే." ఎంత తొణక్కుండా చెప్పిందో. బాత్రూంలో జారిపడ్డానని మా అమ్మ వీధిలో అందరికీ చెప్పిన గొంతు అది, జూన్‌లో స్కార్ఫు సర్దుకున్న ఆడమనిషి గొంతు అది, పదకొండేళ్ళకే వచ్చేసింది. నర్సు పెన్ను కాగితం మీద పెట్టింది. నేను ఊరుకుంటే చాలు. వాడి లెక్కలో ఇంకొకటి కలుస్తుంది, వాడికి తగిందే, ఎవరికీ నష్టం లేదు, నా ఉద్యోగం నాకుంటుంది. "కాదు," అన్నాను. "అది అబద్ధం చెప్తోంది. కొట్టింది నేను. ఈ పొద్దున, క్లాసులో, నిజం చెప్పినందుకు. రాయండి." నర్సు నన్నూ పిల్లనీ మార్చి మార్చి చూసింది. ఎవరిదని రాయను అంది విసుగ్గా. లోపలి నుంచి ఎవరో పిలిచారు, కాగితాలూ స్కేలూ బెంచీ మీద పడేసి పరుగెత్తింది. నేను బెంచీ మీద కూర్చుని పుస్తకం తీసుకున్నాను, ఆరు మీదున్న నా ఇంటూని కొట్టేసి పక్కన ఒప్పు అని రాశాను, పద్నాలుగు పక్కన కూడా. మూడో వరస ఖాళీగా ఉంది, ఇంకెవరైనా. నా కుడి చేయి చాచి, వేళ్ళు ఎంత సాగితే అంత సాగదీసి, మా నాన్న చేతిని, బెంచీ చెక్క మీద పెట్టాను. పిల్ల అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్కేలు తీసుకుంది. అంచు అరిగిపోయిందేమో గోటితో తడిమి చూసి, సున్నా గీతను నా బొటనవేలి కొసకి ఆనించి, గీత మీద కన్ను నిటారుగా ఉండేలా తల వంచింది.

"కదలకండి మేడం," అంది.

నేను కదల్లేదు.